గొరిల్లా బయటికి రాని రోజుల్లో మైకక్క

జూలో టిక్కెట్ల కౌంటర్ పక్కనుంచి ఇనుప మెట్లెక్కి పైకి వెళితే ఒక చిన్న గది వస్తుంది. ఒక బల్ల, ఒక మైకు, గోడకు గడియారం, గేటు వైపు తెరుచుకునే కిటికీ. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో కూర్చుని మాట్లాడుతున్న ఆమెను ఊళ్ళో అందరూ మైకక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలకదు.

ఆమె మొదట చేరింది టిక్కెట్లు చింపే పనికి. ఒక సెలవు రోజున, మైకులో చెప్పే ఆయనకు గొంతు పూర్తిగా పోయింది. సరిగ్గా ఆ రోజే ఒక నాలుగేళ్ళ పాప తప్పిపోయింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని ఈమెను పైకి తోశారు. ఆయనైతే "సందర్శకులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి, పిల్ల ఆనవాళ్ళన్నీ చదివి, తల్లిదండ్రులు తక్షణమే రావలసిందిగా కోరేవాడు. ఆ "తక్షణమే"కే సగం మంది తల్లుల గుండె జారిపోయేది. ఈమెకు అవేమీ తెలియవు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "పచ్చ గౌను పాప నా దగ్గరుంది. దెబ్బేం తగల్లేదు. ఇందాక ఏడ్చింది, ఇప్పుడు బిస్కెట్ తింటోంది. అమ్మా, నిదానంగా రా, మెట్లు జారుతున్నాయి" అంది. ఆ తల్లి పరుగెత్తకుండా నడిచి వచ్చింది. గొంతు బాగయ్యాక ఆయన్ని టిక్కెట్లు చింపే పనికి పంపి, ఈమెను పైనే ఉంచారు.

ఇంట్లో భర్త, అత్తగారు. భర్త ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టేవాడు. అత్తగారికి పదేళ్ళుగా చెవులు వినపడవు. "ఇంట్లో మైకు లేకుండా అరుస్తావు, ఆఫీసులో మైకు పెట్టుకుని గుసగుసలాడతావు. నీ బతుకు తిరగేసి కుట్టిన చొక్కా అయింది" అని భర్త ఏడిపించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. నెమ్మది మనిషే. కానీ ఒకసారి ఒక మాట అనుకుందంటే ఆ మాట మీద నుంచి ఆమెను దించడం ఎవరి తరమూ కాదని ఇంట్లో వాళ్ళకు తెలుసు. జూలో వాళ్ళకు తెలియడానికి గొరిల్లా రావలసి వచ్చింది.

అది ఆడ గొరిల్లా, ముప్పై ఒక్కేళ్ళది. చాలా దూరాన ఉన్న ఒక జూ మూతపడుతుంటే అక్కడి నుంచి పెట్టెలో, లారీ మీద, మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. నెల ముందు నుంచే గోడల మీద, బస్సుల వెనకాల బొమ్మలు వెలిశాయి. మైకక్క కూడా రోజూ మైకులో చెప్పింది, ఇంకా పన్నెండు రోజులు, ఇంకా పదకొండు రోజులు అని. మొదటి రోజున గేటు తెరవకముందే జనం బారు బస్టాపు దాటిపోయింది.

గొరిల్లా కోసం కొత్తగా కట్టిన ఆవరణ పెద్దది. ముందు అద్దం గోడ, లోపల గడ్డి దిబ్బ, అడ్డంగా పడేసిన చెట్టు మొద్దులు, వేలాడే తాళ్ళు. వెనక గది నుంచి ఆవరణలోకి ఒక ఇనుప తలుపు. పది గంటలకు ఆ తలుపు పైకి లేచింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. పదకొండయింది, పన్నెండయింది. పిల్లలు భుజాల మీద నిద్రపోయారు. ఒంటిగంటకు సూపరింటెండెంటు గారి దగ్గర్నుంచి మైకక్కకు చీటీ వచ్చింది: "సాంకేతిక కారణాల వల్ల ప్రదర్శన ఆలస్యమవుతోంది. సహకరించగలరు." ఆమె చదివింది. మూడింటికి మళ్ళీ చదివింది. మూసే వేళకు మరోసారి చదివింది. జనం వెళ్ళిపోతూ తలెత్తి స్తంభం మీది స్పీకర్ వంక చూడటం ఆమెకు కిటికీలోంచి కనపడింది. ఇన్నేళ్ళలో అలా ఎవరూ చూడలేదు.

మరునాడూ అదే చీటీ, ఆ మరునాడూ అదే. గొరిల్లా మాత్రం గడప దాటలేదు. ఇక ఊళ్ళో నోళ్ళకు అడ్డేముంది. అసలు గొరిల్లా రానే లేదని కొందరు. వచ్చింది కానీ దారిలోనే పోయిందని, రాత్రికి రాత్రి పాతిపెట్టారని ఇంకొందరు. ఒక మనిషికి బొచ్చు తోలు కుట్టించడానికి ఇచ్చారు, కుట్టు ఇంకా పూర్తి కాలేదు, అందుకే ఆలస్యం అని ఒకాయన చెబితే, జనం నేరుగా వచ్చి మైకక్క భర్తనే ఆరా తీశారు. అన్నిటికంటే చెడ్డది నాలుగో మాట. గొరిల్లాకు ఏదో అంటురోగం ఉందట, దగ్గరికి వెళితే పిల్లలకు సోకుతుందట. ఆ మాట పుట్టిన రెండు రోజులకు ఒక బడి వాళ్ళు పిల్లల్ని తీసుకురావడం మానుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటి ముందు పక్కింటావిడ మైకక్కను ఆపి, నిజమేమిటో చెప్పమంది. మైకక్క తల దించుకుని, సాంకేతిక కారణాలని గొణిగి లోపలికి వచ్చింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది. ఆవిడకు చెవులు పనిచేయకపోయినా, పెదాల కదలికను బట్టి ఊరి విషయాలన్నీ పట్టేస్తుంది. కోడల్ని దగ్గరికి పిలిచి అంది:

"ఇప్పుడు ఆవిడతో ఏమన్నావే? నాకు ముక్క తెలియలేదు. ఎప్పుడూ నీ నోరు చూస్తే ఇట్టే అర్థమయ్యేది. ఇవాళ నీ నోరు నీది కానట్టుంది."

మైకక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. మర్నాడు గంట ముందే ఇంట్లోంచి బయల్దేరి, తన గదికి కాకుండా గొరిల్లా ఇంటి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి తట్టింది.

తలుపు తీసింది కాపరి. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఎలుగుబంట్లను చూసుకున్నవాడు. మనుషులతో ఆయన మాటలు లెక్కపెట్టి వాడతాడని పేరు. ఆమె ముఖానికి గుడ్డ కట్టించి, చెప్పులు మార్పించి, సబ్బుతో చేతులు కడిగించి అప్పుడు లోపలికి రానిచ్చాడు. "మన జలుబు దానికి అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది" అన్నాడు. అది విన్న మైకక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఊరంతా అనుకుంటున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

చువ్వల అవతల, గది మూలన, గొరిల్లా గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. తల మీద గోనెసంచి కప్పుకుంది. అంత పెద్ద వీపు, అంత దగ్గరగా, ఊపిరికి పైకీ కిందికీ కదలడం చూస్తూ మైకక్క చాలాసేపు నిలబడింది. కాపరి దాన్ని పెద్దమ్మాయి అని పిలుస్తున్నాడు. పెద్దమ్మాయి పాలకూర తింటోందట, కీరదోసకాయ ముక్కలు తింటోందట, నిన్న పొద్దున తలుపు దాకా వచ్చి గడ్డి వాసన చూసిందట. "అంతలో అటువైపు మొదలైంది" అని కాపరి వెనక గోడ చూపించాడు.

ఆయన నోరు మూయకముందే మళ్ళీ మొదలైంది. జూ వెనక గోడకు ఆనుకుని రేకుల వీధి ఉంది. ఇరవై కొట్లలో ట్రంకుపెట్టెలు, బకెట్లు, నీళ్ళ డ్రమ్ములు చేస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక్కసారిగా ఇరవై సుత్తులు రేకుల మీద పడతాయి. మొదటి దెబ్బకే గొరిల్లా సంచిని రెండు చేతులతో కిందికి లాక్కుని, మూలకు ఇంకా ఒదిగిపోయింది. బయల్దేరే ముందు దాన్ని పెట్టెలోకి ఎక్కించి, పైనుంచి సుత్తులతో మేకులు కొట్టారని, ఆ మోత విన్నప్పుడల్లా మళ్ళీ పెట్టెలో పెడతారనుకుంటోందేమోనని కాపరి అనుమానం. జూ డాక్టరు అలాగే ఉండొచ్చన్నారట, ఖాయంగా చెప్పలేమన్నారట.

మైకక్క అక్కడి నుంచి సరాసరి సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. గొరిల్లాను రప్పించడానికి మూడేళ్ళు తిరిగి కాళ్ళరిగించుకున్న మనిషి. పైవాళ్ళు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తుంటే అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విని, ఇది బయటికి చెప్పే విషయం కాదన్నాడు. భయపడిన జంతువును తెచ్చి పెట్టామంటే జనం మనల్నే తిడతారన్నాడు. నాలుగు రోజులు ఓపిక పడితే అదే బయటికి వస్తుందని, అప్పుడు అందరూ అన్నీ మర్చిపోతారని నచ్చజెప్పాడు.

"నేనిక ఆ చీటీ చదవను సార్" అంది మైకక్క.

"చదవకపోతే?"

"తప్పిపోయిన పిల్లల కోసం అమ్మలు ఇప్పటికీ నా గొంతు విని నా దగ్గరికి వస్తున్నారు. నన్ను నమ్మబట్టే పరుగెత్తకుండా వస్తున్నారు. రేపు నేను బాబు బాగున్నాడంటే, ఇదీ సాంకేతిక కారణమేనా అని ఒక్క తల్లికి అనిపించినా, ఇక ఆ గదిలో నేను ఉండి లాభం లేదు. నన్ను మళ్ళీ టిక్కెట్లు చింపమనండి, చింపుతాను. అబద్ధం మాత్రం వేరేవాళ్ళతో చెప్పించుకోండి."

ఆమె గొంతు పెంచలేదు. అదే ఆయన్ని ఇబ్బంది పెట్టింది. అరిచి ఉంటే బయటికి పంపేసేవాడు. చివరికి ఒక వారం గడువిచ్చాడు. జనం తిరగబడితే బాధ్యత ఆమెదేనన్నాడు. ఆమె బల్ల మీది కాగితం లాక్కుని, బాధ్యత తనదేనని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. అడగకుండానే ఇలాంటి కాగితం ఆయనకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. ఏ ఫైల్లో పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే ఉన్నాడు.

మర్నాడు పది గంటలకు మైకు పలికింది.

"నమస్కారం. ఇన్ని రోజులుగా సాంకేతిక కారణాలని చెప్పింది నేనే. అది నిజం కాదు. క్షమించండి. గొరిల్లా వచ్చింది, బతికే ఉంది. పొద్దున నా కళ్ళతో చూశాను. గోనెసంచి కప్పుకుని మూల కూర్చుంది. కొత్త చోటు, భయంగా ఉంది. ఎప్పుడు బయటికి వస్తుందో మాకు తెలియదు. ఇవాళ కనపడకపోవచ్చు. కేవలం దాని కోసమే వచ్చినవాళ్ళు ఇంకో రోజు రండి, ఈ టిక్కెట్టు అప్పుడూ చెల్లుతుంది. జిరాఫీ కోసం వచ్చినవాళ్ళకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, అది ఎప్పుడూ బయటే ఉంటుంది."

చివరి ముక్కకు గేటు దగ్గర కొందరు నవ్వారు. చాలామంది నవ్వలేదు. సగం బారు వెనక్కి తిరిగింది. ఒకాయన మెట్లెక్కి వచ్చి, మూడుసార్లు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చానని, మొదటి రోజే ఈ ముక్క చెబితే నోరు పడిపోయేదా అని నిలదీశాడు. మైకక్క లేచి నిలబడి, మొదటి రోజే చెప్పాల్సిందని ఒప్పుకుంది. పోట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివాళ్ళు ఒప్పేసుకుంటే ఇంకేం మిగులుతుంది? కాసేపు గడియారం వంక చూసి దిగిపోయాడు.

అప్పటి నుంచి రోజూ పది గంటలకు ఆమె గొరిల్లా కబురు చెప్పేది. అంతకుముందే వెళ్ళి కళ్ళతో చూసి వచ్చేది. ఇవాళ తలుపు దాకా రెండుసార్లు వచ్చింది. ఇవాళ అసలు కదల్లేదు. ఇవాళ సంచి పక్కన పెట్టి కాపరి వంక చూసింది. కబురు లేని రోజున కబురు లేదనే చెప్పేది. అంటురోగం మాట మీద డాక్టర్ని తన గదికే పిలిచి, మైకు ముందు కూర్చోబెట్టి, ఊళ్ళో వాళ్ళు అడుగుతున్న ప్రశ్నలన్నీ తనే అడిగింది. డాక్టరు పుస్తకం భాషలోకి పోయినప్పుడల్లా "మా అత్తగారికి అర్థమయ్యేలా చెప్పండి" అని ఆపేది. గొరిల్లా నుంచి మనకు రోగం అంటుతుందన్న భయం అక్కర్లేదని, మన జలుబూ దగ్గూ దానికి అంటకుండానే ఆ అద్దం గోడ కట్టామని డాక్టరు చెప్పాడు. బడి వాళ్ళు రెండు రోజుల తర్వాత పిల్లల్ని మళ్ళీ పంపారు. ఆ పిల్లలు గొరిల్లాను చూడలేదు కానీ, అద్దం దగ్గర నోటికి చేతులడ్డం పెట్టుకుని నిలబడి వెళ్ళారట. వారం గడువు దాటిపోయింది. సూపరింటెండెంటు గారు ఆ సంగతి ఎత్తలేదు, ఆమె గుర్తు చేయలేదు.

కానీ మాటలతో సుత్తులు ఆగవు కదా. వెళ్ళి అడగాలి. మైకక్క రేకుల వీధికి వెళ్ళింది.

ఆ వీధికి పెద్ద, ట్రంకుపెట్టెలు చేసే ఒక డెబ్భై ఏళ్ళాయన. చేతి వేళ్ళు సుత్తి పిడి చుట్టూ పెరిగినట్టు వంకర తిరిగి ఉంటాయి. ఆమె నిలబడి చెప్పిందంతా ఆయన పని ఆపకుండానే విన్నాడు. తర్వాత ఒక్కటే అన్నాడు:

"మీ గోడ కట్టకముందు నుంచి మేమిక్కడ ఉన్నామమ్మా. ఇన్నేళ్ళలో మీ జూ నుంచి మాకొచ్చింది మురుగు వాసన ఒక్కటే. ఇప్పుడు మీ ఇంటికి చుట్టం వచ్చిందని మమ్మల్ని చేతులు కట్టుకోమంటారా?"

ఆయన చూపించాడు. నీటిగుర్రం కొలను కాలువ వాన పడితే పొంగి, గోడ కిందినుంచి వీధిలోకి వస్తోంది. కొట్ల ముందు రాళ్ళు పేర్చుకుని వాటి మీద నడుస్తున్నారు. ఎన్నిసార్లు అర్జీ పెట్టినా ఎవరూ రాలేదు. మైకక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ రాళ్ళ మీద నుంచి వీధి ఆ చివర దాకా వెళ్ళి, మొత్తం చూసి వచ్చింది. రెండో రోజు మళ్ళీ వెళ్ళింది, గొరిల్లా మాట ఎత్తకుండా కాలువ ఎప్పటి నుంచి పొంగుతోందో అడిగి తెలుసుకుని వచ్చింది. సూపరింటెండెంటు గారికి చెబితే, అది ఇంకో విభాగం పని అన్నాడు. ఆ విభాగానికి వెళితే సంబంధిత అధికారి సెలవులో ఉన్నాడన్నారు.

మూడో రోజు పది గంటలకు గొరిల్లా కబురు చెప్పాక ఆమె మైకు కట్టేయలేదు.

"ఇంకో మాట. వెనక రేకుల వీధి మోతకి గొరిల్లా భయపడుతోంది. వాళ్ళని కాస్త సాయం అడగడానికి వెళ్ళాను. వాళ్ళూ మనల్ని ఒకటి అడిగారు. మన నీటిగుర్రం కాలువ వాళ్ళ గుమ్మాల్లోకి వస్తోంది. నేను చూశాను, నా చెప్పులు ఇంకా ఆరలేదు. వాళ్ళు అడిగింది న్యాయం. అది బాగుచేశాకే మనం మళ్ళీ వాళ్ళ ఇంటికి వెళ్ళగలం. బాగయిన రోజు మీకు చెబుతాను. కాని రోజు కూడా చెబుతాను."

ఆ రోజు సూపరింటెండెంటు గారు ఆమె గదికి తనే మెట్లెక్కి వచ్చాడు. మన ఇంటి గుట్టు వీధిలో పెడతావా అని కోప్పడ్డాడు. వీధిలో పారేదాన్ని గుట్టంటే ఎలా సార్ అంది ఆమె. ఆయన విసురుగా దిగి వెళ్ళిపోయాడు. అన్నట్టే ఆమె ప్రతి ఉదయం చెప్పింది. కాలువ ఇవాళ బాగవలేదు. ఇవాళ ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు, బాగవలేదు. ఇవాళ పైపులు వచ్చాయి, మనుషులు రాలేదు. వినేవాళ్ళకు గొరిల్లా కన్నా కాలువే రుచిగా తయారైంది. గేటు దగ్గర టీ కొట్టువాడు పొద్దున పదింటికి రేడియో కట్టేసి మరీ వినేవాడు. తొమ్మిదో రోజుకు కాలువ బాగయింది. పైపు వేయించిన రోజున సూపరింటెండెంటు గారు ప్యాంటు మడిచి దగ్గరుండి చూసుకున్నాడు. ఆ సంగతీ మైకక్క మైకులో చెప్పింది. ఆయన విననట్టే ఉన్నాడు కానీ, ఆ సాయంత్రం ఆమె గదికి కొత్త కుర్చీ ఒకటి వచ్చింది.

మర్నాడు రేకుల వీధి పెద్దాయనే తన మనవరాలితో కలిసి జూకి వచ్చి, ఆ జంతువు ఏ గదిలో ఉందో చూపించమన్నాడు. కాపరి ఆయనకూ గుడ్డ కట్టి, చేతులు కడిగించి తీసుకెళ్ళాడు. పెద్దాయన చువ్వల ముందు చాలాసేపు నిలబడ్డాడు. గొరిల్లా సంచి పక్కనుంచి ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ కప్పుకుంది. బయటికి వచ్చి ఆయన మైకక్కతో అన్నాడు:

"మోత ఆపితే లాభం లేదు చెల్లెమ్మా. ఎన్ని రోజులని ఆపుతాం? మా పిల్లలు పుట్టిన పదో రోజు నుంచి ఆ మోతలోనే నిద్రపోతారు. మోతకి ఎవరూ భయపడరు, ఉన్నట్టుండి పడితేనే ఉలిక్కిపడతారు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే మేం ఒకేసారి మొదలుపెట్టం. ముందు ఒక్కడే, చిన్న సుత్తితో, మెల్లగా. బిడ్డ విని సర్దుకున్నాక తక్కినవాళ్ళు. దీనికీ అలాగే చేద్దాం."

డాక్టరు విని, మంచి ఉపాయమని ఒప్పుకున్నాడు. మొదటి చిన్న దెబ్బ పడగానే గొరిల్లాకు ఇష్టమైనదేదైనా చేతికివ్వమని కాపరికి చెప్పాడు. ఆ మరునాటి నుంచి వీధిలో తొమ్మిదిన్నరకు ఇరవై సుత్తులూ ఆగి ఉండేవి. పెద్దాయన ఒక్కడే గోడకు దూరంగా కూర్చుని రేకు మీద టిక్కు, టిక్కుమని తట్టేవాడు. లోపల కాపరి కీరదోసకాయ ముక్క అందించేవాడు. అయిదు నిమిషాలకు రెండో సుత్తి, ఇంకో అయిదు నిమిషాలకు మూడోది. వీధి మొత్తం పని అందుకునేసరికి పదకొండు దాటేది. కుర్రకారు గొణిగారు, ముసలాయనకు కోతి పిచ్చి పట్టిందని కూడా అన్నారు. ఆయన పట్టించుకోలేదు. మైకక్క రోజూ పది గంటల కబురులో ఆ వీధి పేరు చెప్పి, ఇవాళ ఎన్ని సుత్తుల దాకా గొరిల్లా సంచి కప్పుకోకుండా ఉందో లెక్క చెప్పేది. మొదటి రోజు సున్నా. నాలుగో రోజు ఒకటి. ఆరో రోజు నాలుగు. ఏడో రోజు ఎందుకో మళ్ళీ సున్నా. ఆ రోజు ఆమె గొంతు కొంచెం వాడిపోయినట్టుందని టీ కొట్టువాడు అన్నాడు. మర్నాడు మామూలే. గొణిగిన కుర్రకారే తమ సుత్తి వంతు ఎప్పుడొస్తుందా, తమ దెబ్బకు అది నిలబడుతుందా లేదా అని పందేలు వేసుకోవడం మొదలుపెట్టారు.

గొరిల్లా బయటికి వచ్చింది ఇంకో పదహారు రోజులకు. మబ్బు పట్టిన మంగళవారం, అప్పటికి పన్నెండు సుత్తులు మోగుతున్నాయి. పదిన్నర కావస్తోంది. ఇనుప తలుపు దగ్గర ముందు ఒక చెయ్యి కనపడింది. ఆ చెయ్యి గడ్డిని తడిమి, కొంచెం పీకి, లోపలికి వెళ్ళింది. కాసేపటికి నాలుగు కాళ్ళ మీద, సంచి వీపు మీదికి జారి ఉండగా, పెద్దమ్మాయి తలుపు దాటి వచ్చి దిబ్బ పక్కన కూర్చుంది. అప్పుడు అద్దం ముందు ఉన్నది పదకొండుమంది.

సూపరింటెండెంటు గారు ఫోన్ చేసి, వెంటనే మైకులో చెప్పమన్నాడు. ఇన్నాళ్ళ ఎదురుచూపు మరి. మైకక్క ఒక్క నిమిషం ఆలోచించుకుంది. చెప్పకపోతే ఇన్నాళ్ళూ అన్నీ చెప్పిన నోరు ఇవాళ దాచినట్టవుతుంది. చెబితే గేటు లోపలున్న నాలుగైదు వందల మంది పరుగెత్తుతారు. అన్ని అడుగుల చప్పుడు ఒక్కసారి విందంటే గొరిల్లా ఇంకో నెల బయటికి రాదు.

"నమస్కారం" అంది ఆమె, తప్పిపోయిన పిల్లల సంగతి చెప్పే గొంతుతోనే. "గొరిల్లా బయటికి వచ్చింది. దిబ్బ పక్కన కూర్చుని గడ్డి తింటోంది. మీరు పరుగెత్తితే లోపలికి వెళ్ళిపోతుంది. ఎలా వస్తారో మీ ఇష్టం, మిమ్మల్ని ఆపేవాళ్ళెవరూ లేరు. కానీ నేనైతే నడిచి వెళతాను, మాట్లాడకుండా వెళతాను. ఇవాళ కనపడకపోయినా రేపు కనపడుతుందని నా నమ్మకం."

మైకు కట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఇద్దరు పిల్లలు పరుగు తీయబోతే ఎవరో తెలియనావిడ చొక్కా పట్టుకుని ఆపింది. తర్వాత కదిలారు. నెమ్మదిగా, వరసగా, చంటిబిడ్డల నోళ్ళకు పాలసీసాలు అందించుకుంటూ నడిచి వెళ్ళారు. మైకక్క గదిలోకి వినపడింది దూరాన రేకుల చప్పుడు ఒక్కటే. ఆమెకు కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, ఆ నడిచేవాళ్ళ వెనకాలే తనూ మెట్లు దిగింది. అద్దం దగ్గర అన్ని వందలమంది ఉన్నా ఒక్క గొంతూ లేవలేదు. అది ఒకసారి తలెత్తి అందరి వంకా చూసి, మళ్ళీ తన పనిలో పడింది. నలభై నిమిషాలుండి లోపలికి వెళ్ళింది. మర్నాడు గంట ఉంది.

ఇప్పుడు పెద్దమ్మాయి చాలా రోజులు బయటే గడుపుతుంది. కొన్ని రోజులు రాదు, ఆ రోజున రాలేదనే మైకులో చెబుతారు. రేకుల వీధి వాళ్ళు జూలోని చెత్తడబ్బాలన్నీ తామే చేసి పెట్టారు. సూపరింటెండెంటు గారికి బదిలీ అయింది. వెళ్ళే ముందు ఆయన ఏదో ఫైల్లోంచి మైకక్క సంతకం చేసిన ఆ బాధ్యత కాగితం తీసి, ఆమె ముందే చింపేశాడు.

కిందటి నెల పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట మైకులో చెప్పే ప్రతి మాటా ముందురోజు రాసి పంపి, అనుమతి వచ్చాకే చదవాలట. మైకక్క దాన్ని రెండుసార్లు చదివి, కింద మూడు వాక్యాల జవాబు రాసింది. గొరిల్లా రేపు ఏం చేస్తుందో ఇవాళ తనకు తెలియదని, ఏ పిల్ల ఏ రంగు గౌనులో తప్పిపోతుందో కూడా తెలియదని, తెలిసినవాళ్ళెవరైనా ఆఫీసులో ఉంటే ముందుగా రాసి పంపితే తప్పకుండా చదువుతానని. పై ఆఫీసు నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆమె రోజూ తొమ్మిదింటికి వెళ్ళి గొరిల్లాను చూసి, పదింటికి మైకు ముందు కూర్చుంటోంది.